వెట్టి, కైకిలి, బదులు

పోయిన చలికాలంలో ఒకనాటి సాయంత్రం, తరగతులు ముగిశాక నేను స్టాఫ్ రూంలో జవాబు పత్రాలు దిద్దుకుంటూ వుండగా, బి.ఎస్సి. కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని వచ్చి నిలబడింది. ఆమెది సిరిసిల్ల. తండ్రి సాంచాల మీద పని చేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. "సార్, ఓపెన్ సోర్స్‌ల పని జేసినట్టు చూపెడితెనే కొలువు దొరుకుతదంటున్నరు. పైసలియ్యకుంట పని జేపిచ్చుకునుడు వెట్టి గాదా? మా తాత దొర గడీల గదే గద జేసింది" అన్నది.

ఆ వారమే తెలంగాణ రైతాంగ పోరాట సాహిత్యం మీద పాఠం చెబుతూ, వెట్టి అంటే ఏమిటో ఆ తరగతిలో నేనే వివరించి వున్నాను. కూలి ముట్టని పని వెట్టి అని నల్లబల్ల మీద రాసింది కూడా నేనే. ఆమె నా నిర్వచనాన్నే నా ముందు పెట్టి అడిగింది. "అది వేరు, ఇది వేరు తల్లీ, ఇది స్వచ్ఛందం" అని ఏదో చెప్పి పంపించాను గాని, ఆ జవాబు నాకే తృప్తి నివ్వలేదు. ఆకలిగొన్నవాడి స్వచ్ఛందం ఎంతవరకు స్వచ్ఛందం అనేది మన పత్రికల్లో ఎన్నోసార్లు చర్చకు వచ్చిన ప్రశ్న. దాన్ని మరచిపోయి, తప్పించుకోవడానికి ఆ మాట వాడాను. ఆ జవాబును సరిదిద్దుకోవడానికే ఈ వ్యాసం.

పాఠకుల్లో చాలామంది ఓపెన్ సోర్స్ అనే మాట విన్నవారే అయినా, దాని వెనక వున్న నైతిక వివాదం అంతగా ఎరిగి వుండకపోవచ్చు. కంప్యూటరు చేత పని చేయించే ఆజ్ఞలను మనిషి చదవగల రూపంలో రాస్తాడు. దాన్నే కోడ్ అంటారు. యంత్రానికి అందేసరికి అది యంత్రభాషలోకి మారుతుంది. అప్పుడు వాడుకోవడమే గాని చదవడానికి వీలుండదు. కంపెనీలు సాధారణంగా ఈ రెండో రూపాన్ని అమ్మి, మొదటిదాన్ని దాచుకుంటాయి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ దాపరికం అనైతికమని ప్రకటించి, అందరికీ తెరచి వుండే వ్యవస్థ నొకదాన్ని గ్నూ అనే పేరుతో కట్టడానికి పూనుకున్నాడు. 1989లో ఆయన దానికొక లైసెన్సు రాశాడు. దాని సారాంశం ఇది: ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, అయితే మార్చి పంచేవాడు తన మార్పును కూడా అదే షరతు మీద అందరికీ తెరచి వుంచాలి. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ మరుసటి ఏటికల్లా ఆ లైసెన్సు కిందికి వచ్చింది. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున వున్నది ఆ లినక్సే. 1998లో 'ఓపెన్ సోర్స్' అనే పేరు పెట్టినవారు నీతి ప్రసక్తిని పక్కకు నెట్టి, ఇది మంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే చవకైన పద్ధతి అని వ్యాపారస్తులకు నచ్చజెప్పారు. పేరుతో పాటు వర్గదృష్టి కూడా మారిందని నా అభిప్రాయం. అయినా ఇప్పుడు లోకమంతా వాడేది ఆ పేరే గనక నేనూ అదే వాడుతున్నాను.

తెలుగు పంతులుకు ఈ గొడవ దేనికని కొందరు మిత్రులు అడిగారు. వారికి 2018 ఫిబ్రవరి సంగతి గుర్తుచేస్తాను. 'జ్ఞా' అనే అక్షరం, లోపల కంటికి కనబడని ఒక విభజన చిహ్నం చేరిన కూర్పులో తెరమీదికి వస్తే, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన అప్లికేషనే కూలిపోయేది. జ్ఞానంలోని మొదటి అక్షరాన్ని భరించలేని యంత్రమని మనవాళ్లు నవ్వుకున్నారు. నవ్వు సంగతి అట్లా వుంచితే, కోట్ల మంది తెలుగువాళ్లలో ఆ దోషాన్ని లోపలికి వెళ్లి చూడగలిగినవాడు, దిద్దగలిగినవాడు ఒక్కడూ లేడు. తెలివి లేక కాదు, తలుపు మూసి వుండడం చేత. ఆపిల్ కంపెనీ ఆ నెల 19న 11.2.6 అనే కొత్త రూపం విడుదల చేసేదాకా మన అక్షరం కోసం మనం కాచుకుని కూర్చోవలసి వచ్చింది. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో వున్నాయనే ప్రశ్న అక్షరం దాకా ఎట్లా వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. తెరచిన కోడ్‌లో కూడా తెలుగుకు తప్పులు జరుగుతూనే వుంటాయి. అక్కడ తలుపు వుంది, మనం వెళ్లవచ్చు. వెళుతున్నామా అన్నది వేరే సంగతి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే లినక్స్ వ్యవస్థను తయారు చేసి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భావాన్ని ఇంజనీరింగు కళాశాలల్లోకి తీసుకుపోయింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా కూలి లేని శ్రమ మీదనే నిలబడింది. మన సాహిత్య సభల్లో మాత్రం ఇదంతా ఇంజనీర్ల వ్యవహారమనే ధోరణి ఇంకా పోలేదు.

నా సొంత అనుభవం చెప్పకపోతే ఈ మాటలకు బలం వుండదు. నేను వాడే ఒక ఓపెన్ సోర్స్ రాతపరికరంలో తెలుగు అక్షరదోషాలు చూపే సదుపాయం వుంది. తన పదపట్టికలో లేని మాట కనబడితే కింద ఎర్రగీత గీస్తుంది. ఒకనాడు పరిశోధనా వ్యాసం రాసుకుంటూ చూస్తే తొవ్వ, సోపతి, యాష్ట, ఇట్లా మా వైపు మాటలన్నిటి కింద ఎర్రగీతలే. వెట్టి అని రాశాను, గీత రాలేదు. కైకిలి అని రాశాను, గీత వచ్చింది. వెట్టి పుస్తకాల్లోకి ఎక్కిన మాట. పొద్దుగూకులు పని చేసి దినకూలి తీసుకునే మనిషి తన పనికి పెట్టుకున్న పేరు మాత్రం యంత్రం దృష్టిలో తప్పు. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడి శతాబ్దం దాటింది; ఎవరి వాడుక అనే ప్రశ్న ఇంకా తేలలేదు.

నాకు రోషం వచ్చింది. రెండు వారాలు రాత్రులు కూర్చుని, అచ్చులో వున్న ఒక నిఘంటువు ముందు పెట్టుకుని, ఎనిమిది వందల పైచిలుకు మాటలు ఎక్కించి, ఆ పదపట్టికను చూసుకునేవారికి ఒకేసారి పంపించాను. ఏదో మహోపకారం చేశాననే గర్వం కూడా నాలో వుండింది. నెలన్నర దాకా జవాబు లేదు. తరువాత నాలుగు వాక్యాలు వచ్చాయి. ఈ మాటలు ఏ పుస్తకంలోవి? ఆ పుస్తకం మీద ఎవరికైనా ప్రచురణ హక్కు వుందా? వుంటే మేము తీసుకోలేము. మీరు స్వయంగా విని, పూచీ పడగల మాటలను ఇరవై ముప్ఫై చొప్పున, ఒక్కోదానికి ఒక వాడుక వాక్యంతో పంపగలరా?

ఎమ్మే చదివి, ఎనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్న నన్ను ముఖపరిచయం లేని ఒకడు ప్రశ్నించడమా అని మొదట కోపం వచ్చింది. రెండు రోజులు పోయాక గాని ఆ నాలుగు వాక్యాలలో వున్న న్యాయం నాకు బోధపడలేదు. నేను ఇవ్వబోయినది నాది కాదు. పాతికేళ్లు శ్రమపడి ఎవరో ఏరికూర్చిన దాన్ని తీసుకుపోయి ఉమ్మడి గాదెలో పోయబోయాను. ఉమ్మడి ఆస్తి అనగానే ఎక్కడి నుంచైనా ఎత్తుకురావచ్చుననే భావం మనలో చాలామందికి వుంది. రెండో సంగతి ఇంకా పెద్దది. ఎనిమిది వందల మాటలు ఒక్కొక్కటి సరిచూడడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఆ మనిషి పగలు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఈ పని చూసేవాడని తరువాత తెలిసింది. నా రెండు వారాల రాత్రులను నేను లెక్కపెట్టుకున్నాను. వాటిని విప్పి చూడవలసిన అతని రాత్రులను లెక్కపెట్టలేదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. నైజాం కాలపు తెలంగాణలో వృత్తికులాలవారు, దళితులు దొర గడీలోనూ సర్కారు ఉద్యోగుల మకాముల్లోనూ కూలి లేకుండా చేసిన చాకిరి వెట్టి. 1946-51 సాయుధ పోరాటం దాన్ని గట్టి దెబ్బ కొట్టింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అయినా మా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అది సమసిపోలేదనడానికి 1978 సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్రే సాక్ష్యం. ఇప్పుడు ఆలోచిస్తే, కూలి ముట్టకపోవడం ఒక్కటే వెట్టికి లక్షణమని నేను నల్లబల్ల మీద రాసింది పొరపాటు. వెట్టివాడు రానని అనలేడు. వాడి శ్రమఫలం పూర్తిగా దొరదే. రేపు వాడి పొలంలో పని పడితే దొర వచ్చి చేయడు. ఈ మూడూ కలిస్తేనే వెట్టి.

కైకిలి వేరు. అక్కడ కూలి ముడుతుంది, ఫలం ఆసామికి పోతుంది. మన ఆర్థికశాస్త్ర చర్చలన్నీ సాధారణంగా ఈ రెండింటి మధ్యనే తిరుగుతాయి. పల్లెలో మూడోది కూడా వుంది. అది బదులు. నాట్లప్పుడు ఇవాళ మా ఇంటివాళ్లం నలుగురం మీ మడిలోకి వస్తాం, ఎల్లుండి మీరు నలుగురు మా మడిలోకి రావాలి. పైసా చేతులు మారదు. లెక్క నోటిమీదే వుంటుంది, ఎక్కువగా ఆడవాళ్ల జ్ఞాపకంలో వుంటుంది, అయినా తప్పిపోదు. కూలి లేదు గనక అది వెట్టి అని ఎవరూ అనరు.

ఓపెన్ సోర్స్ శ్రమ తత్వతః ఈ బదులు కోవకు చెందినదని నా వాదం. నేను పదపట్టికకు ముప్ఫై మాటలు చేరుస్తాను. దాన్ని నడిపే కోడ్‌ను ఎవరో నాకు తెలియకుండానే రాసి వుంచారు. మార్క్స్ పెట్టుబడి మూడవ సంపుటంలో (ఆయన మరణానంతరం 1894లో ఎంగెల్స్ ప్రచురించినది) సహకార శ్రమకు, సార్వత్రిక శ్రమకు ఒక భేదం చూపుతాడు. పక్కపక్కన నిలబడి చేసేది మొదటిది. వైజ్ఞానిక శ్రమ, ఆవిష్కరణ రెండోదాని కిందికి వస్తాయి. దానిలో బతికి వున్నవారి సహకారంతో పాటు గతించినవారి శ్రమ కూడా పాలు పంచుకుంటుంది. ఒక పాత ప్రోగ్రాము తెరిచి, ఎప్పుడు ఎవరు ఏ వాక్యం ఎందుకు మార్చారో వరసగా చదువుతూ పోతే ఈ మాట ఎంత యథార్థమో కంటికి కడుతుంది. కొత్తవాడు మొట్టమొదట చేయవలసింది ఆ చదవడమే అంటాను. రాయడం తరువాత.

కాని బదులు అని పేరు పెట్టి ఊరుకుంటే దొర నవ్వుకుంటాడు. స్టాల్‌మన్ లైసెన్సు మార్పును తిరిగి ఇమ్మంటుంది. అంతకంటె వదులైన లైసెన్సులు చాలా వున్నాయి, వాటి కింద వున్న కోడ్‌ను కంపెనీ తీసుకుని, మార్చి, తాళం వేసుకోవచ్చు. గట్టి లైసెన్సు కింద వున్నదాన్ని సైతం, ఇతరులకు పంచకుండా తన సొంత యంత్రాలమీద నడిపి ఆ సేవను అమ్ముకుంటే తిరిగి ఇవ్వనక్కరలేదు. ఈ కంతను పూడ్చడానికి 2007లో అఫెరో అనే మరో లైసెన్సు వచ్చింది గాని, పెద్ద కంపెనీలు దాని జోలికి పోవడానికి ఇష్టపడవు. అంటే నాట్లకు పదిమంది బదులుగా వెళుతుంటే, అందులో ఒకడు వందల ఎకరాల ఆసామి. అందరూ వాడి మడిలో దిగుతారు, వాడు ఎవరి మడిలోనూ దిగడు. దిగితే తన జీతగాణ్ణి పంపుతాడు, అదీ తనకు లాభమున్న చోటికి. కంపెనీల జీతగాళ్లు రాసే కోడ్ లినక్స్‌లో చాలా వుంది, దాన్ని కాదనలేము. తమకు పని పడని మూలల్లో మాత్రం వాళ్లు కనబడరు.

దీని ఫలితం 2014 ఏప్రిల్‌లో బయటపడింది. ఇంటర్నెట్టులో రహస్య సమాచారానికి కాపలా కాసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే కోడ్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం దొరికింది. ప్రపంచ వ్యాపారంలో అధికభాగం ఆధారపడిన ఆ కోడ్‌కు అప్పటిదాకా ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. మా ఊళ్లలో చెరువు తూము తెరిచి, మూసి, ఎవరి మడికి ఎంత నీరు పారాలో చూసే మనిషి నీరటి. కల్లం లేచే రోజున ప్రతి రైతూ అతనికి మేర కొలిచేవాడు. ఈ పెద్ద చెరువు కింద లక్షల ఎకరాలు పారించుకున్నవాళ్లు నీరటికి గింజ కొలవలేదు.

ఇక్కడిదాకా మన పాఠకులు నాతో ఏకీభవిస్తారనుకుంటాను. పెట్టుబడిని తిట్టడం మనకు కష్టమైన పని కాదు. కష్టమైన భాగం తరువాతిది.

2020 అక్టోబరులో ఒక కంపెనీ, ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే హక్టోబర్‌ఫెస్ట్ అనే వార్షికోత్సవంలో భాగంగా, నాలుగు మార్పులు పంపినవారికి టీషర్టు బహుమతిగా ప్రకటించింది. ప్రపంచం నలుమూలల నుంచి, మన దేశం నుంచి కూడా, వేలమంది విద్యార్థులు ఎవరెవరి కోడ్‌లోనో ఒక విశేషణం చేర్చి, ఒక కామా తీసేసి పంపించారు. దాన్ని చూసుకునేవారు విసిగిపోయి మొర పెట్టుకుంటే, నెల మొదటివారంలోనే నియమాలు మార్చవలసి వచ్చింది. 2024 ఆరంభంలో ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ ప్రోగ్రాముకు ఇంతకంటె విచిత్రమైన గతి పట్టింది. మార్పు ఎట్లా పంపాలో నేర్పే ఒక భారతీయ వీడియో పాఠంలో దాన్ని ఉదాహరణగా చూపినందుకు, దాని పరిచయ పత్రంలో తమ పేర్లు చేర్చి విద్యార్థులు కుప్పలుతెప్పలుగా పంపారు. మా కళాశాల పిల్లలు కూడా ఇటువంటివి చేయడం నేను కళ్లారా చూశాను. వాళ్లను నిందించను. కొలువు కావాలంటే గిట్‌హబ్‌లో పచ్చచుక్కలు కనబడాలని చెప్పింది మనమే, మన ప్లేస్‌మెంటు వాళ్లే.

కాని నిజం నిజంగా చెప్పుకోవాలి. ఆ వేల సవరణలను విప్పి, చదివి, కాదని చెప్పిన మనిషికి కూలి లేదు. తలుపు అందరికీ తీసి వుంచినందుకు ఆ చాకిరి అతని నెత్తిన పడింది. అతను రానని అనలేడు. దానివల్ల అతనికి గాని, ఊరికి గాని ఫలం లేదు. నేను పైన చెప్పిన మూడు లక్షణాలూ సరిపోయాయి. దొర చేసిన పనిని ఇక్కడ పేదవాడి బిడ్డే, తెలియక, చేశాడు. ఎనిమిది వందల మాటలు పంపిన నేనూ ఆ పనే చేశాను.

కొత్తవాడి నీతి గురించి నాకు తోచినది ఇంతే: నా తొలి అడుగు ఎవరి గంటలు తింటుంది అని అతను అడగాలి. మంచి కోడ్ రాయగలనా అనే ప్రశ్న దాని తరువాత వస్తుంది. తాను నిజంగా వాడేదాన్ని ఎంచుకోవడం, తనకు తగిలిన రాయినే తీయబూనడం, అదే దోషం ఇంతకుముందు ఎవరైనా చెప్పారేమో వెతకడం, దాన్ని మళ్లీ పుట్టించే విధానం అవతలివాడికి అర్థమయ్యేట్టు రాయడం, ఒకసారికి ఒక్క మార్పే పంపడం. ఇవన్నీ చేతిపని నియమాల్లాగా కనబడతాయి. వీటన్నిటి లోపల వున్నది మాత్రం ఎదుటివాడి కాలం పట్ల గౌరవం. దోషాన్ని స్పష్టంగా వర్ణించి, దిద్దడం చేతకాదని చెప్పినవాడు కూడా బదులు తీర్చినవాడే.

పాతవాడి బాధ్యత కూడా తక్కువది కాదు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇటీవలి చరిత్రలో అన్నిటికంటె భయంకరమైనది. ఫైళ్లను కుదించే ఆ చిన్న ప్రోగ్రామును ఫిన్లాండులో లాసె కాలిన్ అనే ఒక్కడు ఏళ్ల తరబడి కూలి లేకుండా చూస్తూ వచ్చాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒక కొత్తవాడు వచ్చి, ఓపికగా, అణకువగా, పనికివచ్చే మార్పులే పంపాడు. 2022లో ఇంకెవరో కొన్ని పేర్లతో వచ్చి, పని నడవడం లేదు, బాధ్యత మరొకరికి అప్పజెప్పు అని కాలిన్‌ను పొడవసాగారు. తన మనసు బాగుండడం లేదని, ఇది జీతం లేని పని అని అతను బహిరంగంగానే రాసుకున్నాడు. చివరకు కొత్తవాడికి తాళంచెవి ఇచ్చాడు. రెండేళ్ల మంచితనం తరువాత ఆ చేతులే ప్రపంచంలోని సర్వర్లలోకి దొంగదారి తవ్వాయి. లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఆలస్యమవుతున్నదెందుకని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి, అది పూర్తిగా పాకక ముందే పట్టుబడింది.

దీన్నుంచి కొత్తవాళ్లను నమ్మరాదనే పాఠం తీసేవారున్నారు. నేను అట్లా అనుకోను. కాలిన్ పక్కన మరి ముగ్గురు నిజమైన కొత్తవాళ్లు వుండి వుంటే అతను ఆ ఒక్కడి చేతిలో పడేవాడు కాదు. అలసిన నీరటిని ఒంటరిగా వదిలేసిన ఊరిది ఆ తప్పులో పెద్దవాటా. అయితే ఎదుటివాడి రెండేళ్ల పనిని చూసి నమ్మడం గాక మనిషి మనిషిని ఇంకేం చూసి నమ్మాలి అనే ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మన ఉద్యమాల చరిత్రలో కూడా ఆ ప్రశ్న రక్తం చిందించింది.

ఇంతవరకు రాసి ఆ అమ్మాయికి చూపించాను. చదివి, "బదులుకు పోవాల్నంటె ముందుగల్ల భూమి వుండాలె గద సార్" అన్నది.

ఆ ఒక్క మాటకు నా వాదం సగం కూలింది. నిజమే, పొలం వున్నవాళ్ల మధ్యనే బదులు. భూమి లేనివాడికి బదులు లేదు, కైకిలి వుంది. ఓపెన్ సోర్స్‌లో భూమి అంటే ఏమిటి? తీరిక. ఒక లాప్‌టాప్, కరెంటు, రాత్రి భోజనం తరువాత మిగిలే రెండు గంటలు. అమెరికాలోనో బెంగుళూరులోనో జీతగాడికి అవి వున్నాయి. సిరిసిల్లలో తల్లితో పాటు బీడీలు చుట్టి కళాశాలకు వచ్చే పిల్లకు ఫోను ఒక్కటే వుంది. దానిమీద కోడ్ చదవడం పెసరగింజ మీద పద్యం రాసినట్టే.

ఆదిలాబాదు దాకా పోతే ఈ అసమానత ఇంకా నగ్నంగా కనబడుతుంది. నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల ద్వారా లోకానికి తెలిసిన గోండి లిపికి 2018లో యూనికోడ్ పదకొండో రూపంలో స్థానం దొరికింది. 1918లో మంగళ్ సింగ్ మసారాం రూపొందించిన మరో గోండి లిపికి అంతకు ఏడాది ముందే దొరికింది. లిపికి సంఖ్యలు కేటాయించడం పట్టా రాసివ్వడం లాంటిది. ఆ మీద దుక్కి దున్నాలి. అక్షరరూపాలు, మీటల అమరిక, పదపట్టిక, వాటిని ప్రతి ఫోనులోనూ సరిగ్గా చూపించే కోడ్, ఇన్ని కావాలి. ఇంగ్లీషు మాట్లాడే పిల్లవాడికి ఇవన్నీ పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఉట్నూరు గోండు పిల్లవాడు తన తల్లిభాషలో ఒక సందేశం పంపాలంటే ఎవరో కూలి లేకుండా ముందు ఆ దుక్కి దున్నాలి. 'ఆ ఎవరో నువ్వే కావచ్చు, రా, తలుపు తీసే వుంది' అని అతన్ని పిలవడంలో ఔదార్యం వుంది; క్రూరత్వం కూడా వుంది.

అంచేత నేను ఆమెకు మొదట ఇచ్చిన జవాబును ఇట్లా మార్చుకున్నాను. తీరిక వున్నవాడి మీద వున్న రుణం, లేనివాడి మీద లేదు. నాకు జీతం ప్రజల ఖజానా నుంచి వస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఇంటికి పోతాను. పదపట్టిక పని నా జీతంలో భాగమని అనుకోవడమే న్యాయం. దాన్ని త్యాగమని చెప్పుకోవడం సిగ్గుచేటు. ఆమె మాత్రం కూలి అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. గూగుల్ కంపెనీ 2005 నుంచి ప్రతి వేసవిలోనూ కొత్తవాళ్లకు భృతి ఇచ్చి ఓపెన్ సోర్స్ సంస్థల్లో పని నేర్పిస్తున్నది. వివక్షకు గురైన వర్గాలవారి కోసం ఔట్‌రీచీ అనేది కూడా వుంది. పెట్టుబడిదారు సొమ్ము కదా అని మన మిత్రులు ముక్కు విరుస్తారు. ఉమ్మడి చెరువులో అతను తోడుకున్న నీళ్లకు కట్టవలసిన మేరలో ఇది నలుసంత. తీసుకోవడమే ధర్మం.

మేమిద్దరం కలిసి మొదలుపెట్టాం. కళాశాల ప్రయోగశాలలో సాయంత్రం ఒక గంట యంత్రం వాడుకోవడానికి అనుమతి తీసుకోవడం నా వంతు అయింది. నేను నిఘంటువు మూసేసి, మా ఊరికి పోయినప్పుడల్లా చెవిన పడ్డ మాటలు వాక్యంతో సహా రాసుకొచ్చాను. నా పట్టికలో ఒకే మాట రెండు రకాలుగా టైపయి వుండడం, కొన్నిటి లోపల కంటికి కనబడని చిహ్నాలు దూరి వుండడం ఆమె కనిపెట్టింది. 'జ్ఞా' కథలో వున్న చిహ్నం కూడా వాటిలో వుంది. అటువంటివాటిని ఏరి చూపే ముప్ఫై వరసల చిన్న ప్రోగ్రాము రాసింది. రాసేముందు పాతవాళ్లు ఇదివరకే అటువంటిది చేసి పెట్టారేమోనని రెండు రోజులు వెతికింది. నా ఇరవై ఆరు మాటలు, ఆమె ప్రోగ్రాము విడివిడిగా పంపాం. ఈసారి పన్నెండు రోజుల్లో జవాబు వచ్చింది. ప్రోగ్రాములో రెండు చోట్ల మార్పు అడిగారు, ఎందుకో కూడా వివరించారు. ఆమె మార్చి పంపింది, తీసుకున్నారు. దాన్ని ఇప్పుడు వాళ్లు తమ పట్టిక మొత్తానికి వాడుతున్నారట. నా మాటల్లో ఇరవై ఐదు చేరాయి.

ఆగిపోయిన ఒక్కటీ కైకిలి. నేను కైకిలి అని రాశాను. "మా అమ్మ కైకిలు అంటది సార్, మా వాడకట్టుల అందరు గట్లనే అంటరు" అని ఆమె పట్టుబట్టింది. రెంటిలో ఏది పెట్టమంటారని అవతలి నుంచి అడిగారు. రెండూ పెట్టమని, ఒక్కోదానికి ఒక్కో వాక్యం జతచేసి రాశాం. నా వాక్యం మా ఊళ్లో విన్నది. ఆమె వాక్యం వాళ్ల అమ్మది: ఇయ్యాల కైకిలు పైసలు రాలేదు.